కాసమ్మ పొన్నచెట్టెక్కిన రోజు

మా పల్లెలో పైడన్నది చెట్టు మీది పని. గంజాం ఊరు దాటి సముద్రం వైపు నడిస్తే ఇసకదిబ్బలు వస్తాయి. వాటిలో ఎత్తయిన దిబ్బ మీద ఒక ముసలి పొన్నచెట్టు ఉంది. తెల్లారేసరికి పైడన్న దాని కొన దగ్గర కూర్చుని ఉండేవాడు. అతన్ని మేం మానుమనిషి అనేవాళ్లం. అతనికి ముందు వాళ్ల నాన్న మానుమనిషి.

ఆ పని ఎరగనివాళ్లకి కొంచెం చెప్పాలి. పెద్దవల వేసేటప్పుడు ఒక తాడు కొస ఒడ్డునే ఉంటుంది. పడవ వలని జారవిడుస్తూ లోపలికి వెళ్లి, చుట్టు తిరిగి, రెండో కొసని ఒడ్డుకి తెస్తుంది. అప్పుడు పల్లెంతా రెండు పక్కలా నిలబడి లాగుతుంది. చేప ఉన్నచోట చుట్టు తిరిగితేనే ఈ కష్టానికి ఫలం. పడవలో ఉన్నవాడికి చేప కనపడదు, పైనున్నవాడికి కనపడుతుంది. కవళ్ల చేపల గుంపు నీళ్లలో మబ్బు నీడలాగే ఉంటుంది. కాకపోతే మబ్బు నీడ గాలి పోయే వైపు పోతుంది, చేప తన ఇష్టం వచ్చినవైపు పోతుంది. ఆ తేడా పట్టడమే పని. పైడన్న చేతిలో తెల్లగుడ్డ ఉండేది. దాన్ని ఉత్తరానికి చాపితే పడవ ఉత్తరానికి పోవాలి. దక్షిణానికి చాపితే దక్షిణానికి. తల మీద తిప్పితే వల విడవాలి. కదపకుండా నిలువుగా పట్టుకుంటే పడవ ఉన్నచోటే ఆగాలి. పైకీ కిందికీ ఊపితే ఒడ్డుకి రావచ్చు. గుడ్డకి వచ్చిన మాటలు అంతే.

వీటన్నిటిలో ఒడ్డుకి రావడమే గండం. మా తీరాన పెద్ద అలలు ఒకదాని వెనక ఒకటి వరసగా వచ్చి, తర్వాత కాసేపు సందు ఇస్తాయి. వెనక నుంచి లేచి వచ్చే వరస పడవలో ఉన్నవాళ్లకి తెలియదు. చెట్టు మీదివాడికి ముందే తెలుస్తుంది. అందుకని మాకు ఒక కట్టుబాటు ఉంది. తను పంపిన పడవలన్నీ ఇసకెక్కేదాకా మానుమనిషి నేల దిగకూడదు. కింద ఏం జరిగినా సరే. ఇంకొకటి, ఆ చెట్టు అతను తప్ప మరొకరు ఎక్కకూడదు. ఇద్దరు చూస్తే రెండు మాటలు పుడతాయని పెద్దల భయం.

పైడన్న సన్నగా, ఎండిన తాడులా ఉండేవాడు. కాలివేళ్లు విడివిడిగా, చేతివేళ్లంత పొడుగ్గా కనపడేవి. మాట తక్కువ. రోజంతా పైన ఒక్కడే కూర్చునే మనిషికి మాట్లాడే అలవాటు ఎక్కడ నుంచి వస్తుంది? అతని భార్య కాసమ్మ ఆ లోటు తీర్చేది. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని కొడల సంతకీ, రంభ అనే ఊరికీ నడిచి వెళ్లేది. తెలుగులో మొదలుపెట్టి ఒరియాలో ముగించే ఆమె బేరానికి ఎదురు నిలిచినవాళ్లు తక్కువ. ముప్పై ఏళ్లుగా తన మొగుడు తనకన్నా ఆ చెట్టునే ఎక్కువసార్లు కావిలించుకున్నాడని సంతలో అందరికీ చెప్పి నవ్వించేది. వాళ్లకి ఒక్కడే కొడుకు, జగ్గన్న. ఇరవై దాటినవాడు. తల్లి నోరూ తండ్రి ఒళ్లూ వచ్చాయి.

మా జిల్లా మద్రాసు నుంచి విడిపోయి కొత్త ఒరిస్సా రాష్ట్రంలో కలిసిన మరుసటి ఏడు, శ్రావణంలో, రెండు పడవలు లోపలికి వెళ్లాయి. మొదటి పడవకి గంగన్న పెద్ద. అందులో జగ్గన్న తెడ్డు వేస్తున్నాడు. రెండో పడవలో ఎనిమిది మంది, వాళ్లలో నా తమ్ముడు ఒకడు. పొద్దెక్కేసరికి దక్షిణపు గాలి పెరిగింది. గుడ్డ ఊపు చూసి గంగన్న ముందుగా ఒడ్డుకి తిరిగాడు. సందు బాగానే ఉంది. కానీ నడి అలల్లో వాళ్ల వలతాడు ఒకటి జారి పడవ కింద చిక్కుకుంది. పడవ పక్కకి తిరిగింది, తిరిగిన పడవ మీద తర్వాతి వరస విరుచుకుపడింది.

మేం ఒడ్డున ఉన్నవాళ్లం నీళ్లలోకి దిగాం. ఒక్కొక్కరే తేలి వచ్చారు. జగ్గన్న రాలేదు. పడవ కింద ఉన్నాడనుకుని దాన్ని తిరగేశాం. లేడు. మాకు నురగ తప్ప ఏమీ కనపడలేదు. రెండో పడవ అలలకి అవతల ఎగిరిపడుతూ నిలబడి ఉంది. నేను తల తిప్పి చెట్టు వైపు చూశాను. గుడ్డ నిలువుగా, కదలకుండా ఉంది. చాలాసేపు అలాగే ఉంది. ఆ తర్వాత పైకీ కిందికీ ఊగింది. రెండో పడవ అల మీద కూర్చున్నట్టు వచ్చి ఇసకెక్కింది. నా తమ్ముడు దూకి నా పక్కకొచ్చాడు.

అప్పుడు పైడన్న దిగాడు. దిగి, మా వైపు రాకుండా ఉత్తరం పక్కకి పరిగెత్తాడు. ఆ కాలంలో నీటి లాగుడు ఉత్తరానికే ఉంటుంది కాబట్టి మేమూ వెనకాల పరిగెత్తాం. ఆ రోజూ దొరకలేదు, తర్వాతా దొరకలేదు.

కాసమ్మ అప్పుడు కొడలలో ఉంది. సాయంత్రం ఖాళీ గంపతో వచ్చింది. ఏడుపు మధ్యలో ఆమె మొగుణ్ణి అడిగింది ఒక్కటే, వాణ్ణి చూశావా అని. పైడన్న చెప్పాడు. లోతులో ఉన్నప్పుడు చూశానన్నాడు. తలకి గుడ్డ చుట్టుకుని, తెడ్డు వేస్తూ, పక్కవాడితో ఏదో అంటూ నవ్వుతున్నాడన్నాడు. పడవ తిరగబడ్డాక ఏమీ కనపడలేదనీ, కూర్చునే చోటి నుంచి ఉత్తరం పక్కంతా ఆకు అడ్డమనీ, దిగి వచ్చాకే తెలిసిందనీ చెప్పాడు. చెట్టెక్కినవాళ్లు ఇంకెవరూ లేరు కనక అందరం నమ్మాం.

ఆ మాట కాసమ్మ పట్టుకుంది. శవం దొరకని తల్లికి పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి. సంతలో పలకరించిన ప్రతివాళ్లకీ తన కొడుకు ఆఖరున నవ్వుతూ తెడ్డు వేస్తున్నాడని చెప్పేది. చెప్పేటప్పుడు చెయ్యి తెడ్డు వేస్తున్నట్టు ఆడేది. బేరం మాత్రం మానేసింది. ఎంతకిస్తే అంతకి ఇచ్చేది.

కొన్నాళ్లకి ఆమెకి ఒక కోరిక పుట్టింది. జగ్గన్న నవ్వుతూ కనపడిన ఆ నీళ్లని ఒక్కసారి తనూ చూడాలి. ఒడ్డు నుంచి చూస్తే అలల గోడే తప్ప వెనక నీళ్లు తెలియవు. చెట్టెక్కితేనే తెలుస్తాయి. పైడన్నని అడిగింది. కట్టుబాటు అన్నాడు. ఆడదానివి, పడతావు అన్నాడు. అడిగినప్పుడల్లా కాదన్నాడు. ఆమె అడుగుతూనే ఉంది.

రెండేళ్లు గడిచాయి. ఆ చైత్రంలో బరంపురంలో ఠాకురాణి అమ్మవారి యాత్ర వచ్చింది. పల్లెకి పల్లె మూటలు కట్టుకుని బరంపురం వెళ్లిపోయింది. వాళ్లు తిరిగొచ్చేదాకా వల తడపరు. ఒడ్డున మిగిలింది ముసలివాళ్లూ, పైడన్నా కాసమ్మా, నేనూ. నేను ఎందుకు మిగిలానంటే గంగన్న పడవ పలకలు విప్పి మళ్లీ కుడుతున్నాను. మా పడవలకి మేకులుండవు, పలకని పలకకి కొబ్బరిపీచు తాడుతో కుడతాం. యాత్ర నుంచి జనం వచ్చేసరికి అది నీళ్లలో దిగాలి. చెట్టుకి ఉత్తరంగా, నీటి దగ్గర పాక వేసుకుని కూర్చున్నాను.

పొద్దున్నే ఇద్దరూ నా పాక ముందు నుంచి వచ్చారు. కాసమ్మ చీర గోచీ పోసి, నడుం బిగించుకుని ఉంది. యాత్రకి వెళ్లలేదేమని అడిగాను. ఈ ఏడు తనకి ఠాకురాణి పొన్నచెట్టు మీదే ఉందంది. పైడన్న నా దగ్గర ఒక మెత్తటి నూలుతాడు అడిగి తీసుకున్నాడు. పైన కూర్చున్నాక ఆమె నడుముకి కట్టడానికని చెప్పాడు. ఎందుకు ఒప్పుకున్నావని నేను అడగలేదు. చాలా రోజుల తర్వాత అతనే చెప్పాడు. చెట్టు సగంలో ఒక పంగ ఉంది. అక్కడ ఉత్తరం పక్క నిజంగానే ఆకు అడ్డం. ఎదురుగా లోతునీళ్లు మాత్రం తెరిపిగా కనపడతాయి. అక్కడిదాకా ఎక్కించి, చూపించి, దింపేద్దామనుకున్నాడు. ఇక మళ్లీ అడగదు కదా అనుకున్నాడు.

నేను పీచు పక్కన పెట్టి వాళ్ల వెనకే వెళ్లి, చెట్టు కింద చూస్తూ కూర్చున్నాను. ముప్పై ఏళ్లుగా అతను ఎక్కడం చూశాను గాని నేర్పడం అప్పుడే చూశాను. ముందు మానుకి చెయ్యి ఆనించి కళ్లకద్దుకున్నాడు. ఆమె చేత కూడా అద్దించాడు. అరచేతులకి పొడి ఇసక రాయించాడు. పొన్నబెరడు పాతదయితే బీటలు తీసి ఉంటుంది, వేళ్లు దూరే సందులుంటాయి. ఆ సందులు ఆమె వేలు పట్టుకుని తడిమించాడు.

“కాల్లూ సేతులూ, నాలుగులో మూడు పట్టే ఉండాల. ఒకటే కదపాల. రెండు కదిపితే పడిపోతావు,” అన్నాడు.

“సంసారం లాగే,” అంది కాసమ్మ.

“కొమ్మ మొదట్లో కాలెయ్యి. నడిమిన ఎయ్యకు. సేత్తో లాక్కోకు, కాలితో లెగు. సెయ్యి పట్టుకోడానికే.”

కాసమ్మ మొదట మానుని రెండు చేతులా కావిలించుకుని బల్లిలా అంటుకుపోయింది. అతను కిందనుంచి ఆమె మడమ పట్టుకుని మాను మీద బుడిపెలా ఉబ్బిన ఒక ముడి మీద పెట్టాడు. ఒళ్లు మానుకి దూరంగా తియ్యి, అప్పుడే కాలు కనపడుతుంది అన్నాడు. ఆమె తీసింది. రెండో ముడి తనే వెతుక్కుంది. గంప మోసిన మెడ, ఇసకలో కోసుల కొద్దీ నడిచిన కాళ్లు. మొదటి కొమ్మ దాటాక ఆ కాళ్లకి చెట్టు తెలిసిపోయింది. అతను కాలు పెట్టేలోగా ఆమె కాలు చోటు చూసుకునేది. ఒకచోట కొమ్మకి రెండు చేతులూ వేసి వేలాడి, కాలు పైకి మడిచి ఎక్కి కూర్చుంది. కూర్చుని నా వైపు చూసి, వచ్చే శ్రావణం నుంచి ఈ పని తనదనీ, పైడన్న గంపెత్తుకుని కొడల వెళ్తాడనీ కేకేసింది.

ఆ తర్వాత నవ్వింది. జగ్గన్న పోయాక ఆమె నవ్వడం నేను వినలేదు. పైడన్న కింద కొమ్మ మీద నిలబడి తలెత్తి ఆమెని చూస్తున్నాడు. అతని ముఖం కూడా మారింది.

పంగ దగ్గర ఆగారు. అతను ఆకు పక్కకి తోసి లోతునీళ్లు చూపించాడు. ఆమె చూసింది. అక్కడితో దిగాల్సింది. ఇంకొంచెం ఎక్కుతానంది. వద్దనడానికి అతనికి నోరు రాలేదట. “రెండేళ్లకి నవ్వినాది పోతయ్యా. ఆ నవ్వుకి నాను అన్నీ మరిసిపోనాను,” అని నాతో అన్నాడు. ఆమె ముందు, అతను వెనక, కొన దాకా వెళ్లిపోయారు.

పైన జరిగింది కొంత కాసమ్మ చెప్పింది, కొంత పైడన్న చెప్పాడు. ఇద్దరి మాటా ఒకటే.

మూడు కొమ్మలు కలిసే చోట గోనెపట్టా పరిచి ఉంటుంది. ఆమె దాని మీద కూర్చుంది. అతను కింద కొమ్మ మీద నిలబడి నూలుతాడు ఆమె నడుముకి చుట్టి మానుకి కట్టాడు. నీళ్ల రంగు మారిన చోటు వేలు పెట్టి చూపించాడు. అక్కడే అన్నాడు. ఆమె చాలాసేపు అటే చూసింది. గాలికి చెట్టు ఊగుతోంది. ఉయ్యాలలా ఉంది అంది. ఒళ్లు తేలికయినట్టుంది అంది. తర్వాత, కొత్తగా ఎత్తుకెక్కిన ఎవరైనా చేసే పనే చేసింది. తన ఊరు, తన దారి ఎక్కడున్నాయా అని నాలుగు దిక్కులూ చూసింది. ఉత్తరానికి తిరిగింది.

అటు ఆకు లేదు. ఎదుటి కొమ్మలెలా నరికి ఉన్నాయో ఉత్తరం కొమ్మలూ అలాగే నరికి ఉన్నాయి. నది కలిసే మొగ దాకా, ఒడ్డు పొడుగునా ప్రతి అలా, అల విరిగే గీతా కనపడుతున్నాయి.

అప్పటికే పాకకి తిరిగొచ్చిన నేను, సరిగ్గా అప్పుడు పీచుకట్ట తడపడానికి నీళ్లలో దిగాను. తలెత్తితే చెట్టు కొనన ఆమె చీర ఎర్రగా కనపడింది. చెయ్యెత్తి ఊపాను. ఆమె ఊపలేదు. అంత ఎత్తున భయపడిందనుకున్నాను.

“పోతయ్యన్న సేతిలో పీచుకట్ట అగపడతంది,” అంది కాసమ్మ.

పైడన్న తాడు ముడి మళ్లీ బిగించాడు.

“ఆకు అడ్డమన్నావు. ఆవేళ కూడా ఇలగే ఉన్నాదా?”

“ఇలగే ఉంది.”

“ఆడు అగపడ్డాడా?”

“అగపడ్డాడు.”

“పేనంతోనా?”

“పేనంతోనే. తల పైనే ఉంది. ఉత్తరానికి లాగీసింది ఆడ్ని. ఒడ్డునున్నోలంతా సూసే కాడ నేడు.”

“నీ యేపు సూసాడా?”

“సూసాడు. సెయ్యెత్తాడు.”

“నువ్వేటి సేసావు?”

“గుడ్డ నిలబెట్టి పట్టుకున్నాను.”

ఆ తర్వాత అతను చెప్పినదంతా ఆమె విందో లేదో తెలియదు. మనిషి ఫలానాచోట ఉన్నాడని చెప్పే మాట గుడ్డకి లేదు. ఉత్తరానికి చాపితే ఒడ్డున ఉన్న మేం తల తిప్పి చూసినా చూడకపోయినా, గుడ్డ మీదే కళ్లు పెట్టుకున్న రెండో పడవ మాత్రం ఉత్తరానికి తిరుగుతుంది. అక్కడ మొగ దగ్గర ఇసకమేట. ఆ వేళ దాని మీద అల నిలువుగా విరుగుతోంది. గుడ్డ వదిలేసి దిగితే, గుడ్డ కనపడక వాళ్లు తమ ఊహకొద్దీ వచ్చేస్తారు, వరసలో పడతారు. అరిచాడట. ఆ గాలిలో కొన మీది అరుపు చెట్టు కిందికే రాదు. కాబట్టి నిలబెట్టి పట్టుకున్నాడు. ఒక కంటితో వరసని చూస్తూ, ఒక కంటితో కొడుకుని చూస్తూ పట్టుకున్నాడు. సందు దొరికి గుడ్డ ఊపేసరికి రెండో కంటికి చూడ్డానికి ఏమీ లేదు.

ఆమె నడుం తాడు తనే విప్పుకుంది. దిగుతానంది. అతను ముందు దిగి, అలవాటుగా ఆమె మడమ కోసం చెయ్యి చాపాడు.

“నన్ను ముట్టుకోకు,” అంది.

ఎక్కడం కన్నా దిగడం కష్టం. ఎక్కేటప్పుడు కన్ను ముందుంటుంది, దిగేటప్పుడు కాలు ముందుంటుంది. కొత్తవాళ్లకి కాలు పెట్టే చోటు ఒకరు చూపించాలి. ఆమె రెండు కొమ్మలు ఎలాగో దిగింది. మూడోదానికి కాలు జారింది. చేతుల మీద నిలదొక్కుకుని మానుకి అతుక్కుపోయింది, పొద్దున మొదట అతుక్కున్నట్టే. ఇక పైకీ లేదు, కిందికీ లేదు. నేను అప్పటికి ఏదో తేడా వచ్చిందని చెట్టు మొదట్లోకి వచ్చాను. నన్ను చూసి, “అన్నా, నువ్వొచ్చి నన్ను దింపు,” అంది. నాకు ఆ చెట్టు తెలియదు. తెలియని చెట్టు మీద నేనెక్కి ఏం చేస్తాను? ఆ మాటే చెప్పాను.

పైడన్న ఆమెకి రెండు చేతుల దూరం దిగి ఆగాడు. చేతులు వెనక్కి తీసుకున్నాడు.

“ముట్టుకోను. సెప్తాను, యిను,” అన్నాడు. “ఎడం కాలు ఒగ్గు. కిందికి. ఇంకా. అక్కడ ముడుంది. బరువెయ్యి. ఇప్పుడు కుడిసెయ్యి కింద కొమ్మకి.”

ఆమె కళ్లు మూసుకుంది. తర్వాత ఎడమ కాలు వదిలింది. ముడి అక్కడే ఉంది.

అలా ఆ చెట్టు పొడుగునా అతను చెబుతూనే ఉన్నాడు, ఆమె కళ్లు మూసుకుని అతను చెప్పినచోటల్లా కాలు పెట్టుకుంటూ వచ్చింది. ఒక్క మాట తప్పలేదు. అన్ని మాటలు పైడన్న ఒక్కసారిగా మాట్లాడటం అంతకుముందు నేను ఎరగను. నేలకి వచ్చాక ఆమె చేతులకి అంటిన పసుపుపచ్చ చెట్టుపాలు ఇసకతో రుద్దుకుని, మా ఇద్దరి వైపూ చూడకుండా ఇంటికి వెళ్లింది.

ఆ రాత్రి అతనికి కూడు వండి పెట్టింది. తెల్లారి గంపెత్తుకుని రంభ వెళ్లింది. అక్కడ ఆమె చెల్లెలు గురువమ్మ ఇల్లుంది. సాయంత్రం రాలేదు. మర్నాడూ రాలేదు. యాత్ర నుంచి పల్లె తిరిగొచ్చింది. గంగన్న పడవ నీళ్లలో దిగింది. పైడన్న చెట్టెక్కాడు. ఆ ఏడు కవళ్లు బాగా పడ్డాయి. అతని గుడ్డ ఎన్నడూ తప్పలేదు. పొద్దువాలి ఆఖరి పడవ ఇసకెక్కాక దిగి, పొయ్యి రాజేసుకోవడం చేతకాక మా ఇంటికి వచ్చేవాడు. నా ఇంటిది పెట్టింది తిని వెళ్లేవాడు. అడపాదడపా రంభ నడిచి వెళ్లేవాడు. కాసమ్మ పీట వేసి వడ్డించేదట. మాట్లాడేది కాదట. తిని తిరిగొచ్చేవాడు.

వానాకాలం ముందు పీచుతాడు కొనడానికి నేను రంభ వెళ్లాను. చిలక సరస్సు ఒడ్డున ఆమె చాపల మీద రొయ్యలు ఎండబెడుతోంది. ఆ నీటికి అల ఉండదు, పళ్లెంలో పోసినట్టు ఉంటుంది. నేను పక్కన కూర్చుని, ఇంటికి రా సెల్లీ అన్నాను. ఎనిమిది మందిని కాపాడిన మనిషి అన్నాను.

ఆమె రొయ్యలు తిరగేస్తూనే ఉంది. “నాకు తెల్దా అన్నా? మీ తమ్ముడి పిల్లల్ని సూసినప్పుడల్లా ఆయన సేసిందే సరి అనుకుంటాను. తప్పు సేసుంటే తిట్టి, కొట్టి, ఊరుకుందును. తప్పు కానిదాన్ని నానేటి సేసుకోను?”

చాప మీది రొయ్యలన్నీ తిరగేశాక ఒక మాట అడిగి రమ్మంది. జగ్గన్న చెట్టు వైపు చూసి చెయ్యెత్తినప్పుడు వాడి ముఖం ఎలా ఉందో, భయం ఉందో లేదో అడగమంది. తను అడగలేనంది.

నేను పల్లెకి వచ్చి పైడన్నని అడిగాను. మర్నాడు పొద్దంతా చెట్టు మీదే ఉన్నాడు. దిగి వచ్చి, కంచం ముందు కూర్చుని చెప్పాడు. “భయం నేదు. గుడ్డెక్కడుందా అని సూసినట్టు సూసాడు. నానున్నాను కదా అన్నట్టు సూసాడు. అలగని సెప్పు.”

ఆ మాట పట్టుకుని నేను మళ్లీ రంభ వెళ్లాను. అతను అన్నది అన్నట్టే చెప్పాను. కాసమ్మ తల వంచుకుని వింది. ఆమె ఏడుస్తుందనుకున్నాను, ఆ తర్వాత నాతో బయల్దేరుతుందనుకున్నాను. ఆమె తలెత్తి, ఇది నిజమేనా అని అడిగింది.

నేనెప్పుడూ ఆ చెట్టెక్కలేదు.

“ఎనకటి మాట కూడా ఇలగే సెప్పినాడన్నా. నవ్వుతా తెడ్డేస్తన్నాడని. రెండేళ్లు ఆ నవ్వు మీదే బతికినాను. ఇప్పుడు అదీ ఉన్నాదో నేదో నాకు తెలిసే దారి నేదు,” అంది. “ఆకు అడ్డమని ఎందుకన్నాడు? ఆ ఒక్క మాటా అనకుండా ఉంటే ఇయ్యన్నీ నమ్ముదును.”

ఇంటికి వచ్చి నా తమ్ముణ్ణి కూర్చోబెట్టి అడిగాను. ఆ పొద్దున లోతులో రెండు పడవలూ పక్కపక్కనే ఉన్నాయి. జగ్గన్న నవ్వడం చూశావా, ఏమైనా అనడం విన్నావా అన్నాను. చూశానని ఒక్క ముక్క అంటే అప్పటికప్పుడు మళ్లీ రంభ నడవడానికి సిద్ధంగా ఉన్నాను. వాడు చాలాసేపు గుర్తు తెచ్చుకోవడానికి చూశాడు. చివరికి లేదన్నాడు. మొదటి పడవ వైపు తను చూడనేలేదన్నాడు. తెడ్డు వేసేవాళ్ల కళ్లన్నీ చెట్టు మీది గుడ్డ మీదే ఉంటాయి కదా, పక్కకి ఎవరు చూస్తారు అన్నాడు.

ఆ మాట నేను రంభకి మోసుకెళ్లలేదు. తర్వాత తాడు కొనడానికి రంభ వెళ్లినా చిలక ఒడ్డుకి పోకుండా బజారు నుంచే తిరిగొచ్చేవాణ్ణి.